పిడి ఉన్న ఉలి

ఉలి పట్టడం మానేయమ్మా అన్నాడు డాక్టరు. సంగటి కెలకడం మానేయమని మాత్రం అనలేదు. నేనే అడిగాను, "అదీ ఈ చేత్తోనే కదా సార్ కెలికేది" అని. ఆయన నవ్వి, ఇంట్లో ఇంకెవరైనా కెలుకుతారేమో చూడమన్నాడు. ఇంట్లో ఇంకెవరంటే మా ఇంటాయన ఒక్కడే. బస్సు స్టీరింగు తప్ప మరొకటి చేత్తో తిప్పి ఎరగని మనిషి. అంటే, నాకిష్టమైన పని చేస్తే కీలు అరుగుతుంది, ఇంట్లో కడుపు నిండే పని చేస్తే అరగదు. ఆ వైద్యం నాకు నచ్చలేదు.

డాక్టరు మీద కోపం లేదు. ఎక్స్‌రే వెలుగుకు ఎత్తి చూపించాడు. ఎడమ బొటనవేలు మణికట్టును కలిసే చోట ఎముకలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. మేము ఉలి పట్టేది ఎడమచేత్తో. కుడిచేత్తో కొడతి, అంటే మా కొయ్య సుత్తి, ఎత్తి వేసిన ప్రతి దెబ్బా ఉలి గుండా వచ్చి ఆ కీలులోనే దిగుతుంది. పాతికేళ్లకు పైగా దిగుతూనే ఉంది. "దెబ్బ పడకూడదమ్మా" అన్నాడాయన. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాను. మిగతా మాటలు ఆసుపత్రి మెట్ల మీదే వదిలేశాను.

మాది బుక్కరాయసముద్రంలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు. అన్నా నేనూ కలిసి నడుపుతాం. వాకిళ్లు, తలుపులు, కిటికీలు అన్న పని. వాటి మీద తీగలు, ఆకులు, పిట్టలు చెక్కడం నా పని. మేం ముసల్మానులమైనా ఇంట్లో మాట తెలుగే. దసరా వస్తే పనిముట్లకు కుంకుమ బొట్లు పెట్టి, వాటి ముందే ఫాతిహా చదివించే ఇల్లు. ఇదేం పద్ధతప్పా అని ఎవరైనా అడిగితే, "ఉలిని అడిగి చెప్తా ఉండు" అనేవాడు నాయన. నాకు పని నేర్పాలని ఆయన నేర్పలేదు. చెక్కేటప్పుడు పలక కదలకుండా బరువు కావాల్సి వచ్చి, నన్ను దాని మీద కూర్చోబెట్టేవాడు. కూర్చున్నదాన్ని చూస్తూ ఊరుకోలేదు, అంతే.

మా ఇంటి ఉలులకు పిడి ఉండదు. కొన నుంచి తల దాకా ఒకటే ఇనుము. పాత లారీ కమాను పట్టాలను కొలిమిలో కాల్చి, సాగదీసి చేసినవి. పిడి ఉన్న ఉలి అంటే మా వాళ్లకు చులకన. వంకాయలు తరిగే కత్తికి పిడి కావాలి గానీ ఉలికెందుకు అనేవాడు నాయన. అన్నా అదే అంటాడు. నేనూ అన్నదాన్నే, కీలు అరిగే దాకా.

అన్న నిరుడొక మిషను తెచ్చాడు. కంప్యూటరులో బొమ్మ ఎక్కిస్తే చాలు, తిరిగే ముల్లు ఒకటి చెక్కుకుంటూ పోతుంది. దానికి కీళ్లు లేవు, అలుపు లేదు, అలక అసలే లేదు. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు దాని పక్కనే నిలబడి అన్నాడు.

"ఇంక సాల్లేమ్మే. ఎన్నాళ్లు కొడతావు? నువ్వు బొమ్మ గీసియ్యి, అది చెక్కుతాది. నువ్వు కుర్చీలో కూచోని చూస్తా ఉండు."

"కుర్చీలో కూచునేకి నేనేమన్నా సర్పంచునా?" అన్నాను.

అన్న చెడ్డవాడు కాదు. నా చెయ్యి వాచిన రోజుల్లో వేడినీళ్లు పెట్టి తెచ్చిచ్చింది అతనే. అందుకే ఆ మాటకు నాకు కోపం కన్నా భయం ఎక్కువ వేసింది. గిట్టనివాడు మానేయమంటే పోట్లాడవచ్చు. మన మేలు కోరి మానేయమనే వాడితోనే కష్టం.

ఆ వారంలోనే తనకల్లు నుంచి ఒక కుటుంబం వచ్చింది. శెనక్కాయ సేద్యం చేసేవాళ్లు, కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నారు. కొడుకు కొలతలు చెబుతుంటే తల్లి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. తలవాకిలి పైన అడ్డంగా వచ్చే పలక మీద ఏం చెక్కమంటావవ్వా అని అడిగాను. లక్ష్మీదేవినా, నెమళ్లా?

"లక్ష్మీదేవి లోపల పటంలో ఉండాదిలే తల్లీ. వాకిలి మీద శెనక్కాయ చెట్టు చెక్కు. మమ్మల్ని ముంచిందీ అదే, తేల్చిందీ అదే" అంది.

ఆ మాట వినగానే ఆ పలక నాదైపోయింది. నాలుగేసి ఆకుల గుత్తులు, చిన్న పూలు, మట్టిలోకి దిగే ఊడలు, కింద కాయలు. నా తలలో అప్పుడే గీత పడిపోతోంది. వాళ్లు పోయాక అన్నతో చెప్పాను, అది నేనే చెక్కుతానని. అన్న మిషను వైపు చూసి, నా చెయ్యి వైపు చూశాడు.

"సరే, వాళ్లకు రెండు వాకిండ్లు కావాల. తలవాకిలి పలక నీది. అదే బొమ్మతో పెరటి వాకిలి పలక మిషనుది. కొడతి ముట్టకుండా, చెయ్యి వాయకుండా నీ పలక పూర్తి చేస్తివా, ఇంక నేను ఆ మాటెత్తను. చెయ్యలేకపోతివా, మళ్లా ఉలి ముట్టకూడదు. బొమ్మలు గీసుకుంటా కూచోవాల."

"అట్లే కానీ" అన్నాను.

అనడం తేలికే. మేం చెక్కేది వేపకొయ్య మీద. ఎండిన వేప అంటే ఏమిటో తెలిసినవాళ్లెవరూ అనరు. మా సీమలో వాన ఎప్పుడొస్తుందో వేపచెట్టుకూ తెలియదు. దొరికిన కాసిని నీళ్లతో ఏడాదికింత అని బిగబట్టుకుని పెరుగుతుంది. దాని లోపల వలయాలు అంటుకుపోయి ఉంటాయి. కోసి ఆరబెడితే ఎముకే. మా పిడి లేని ఇనుప ఉలిని కొడతి లేకుండా అందులోకి తోయడమంటే గోడను భుజంతో తోయడమే. కాబట్టి చేత్తో తోస్తే దిగే ఉలి కావాలి. దాన్ని ఎంచుకోవాలి.

ఫోను తెరిస్తే లోకమంతా ఉలుల మీద జుట్లు పట్టుకుంటోంది. ఇంగ్లండు ఉక్కు ముందు ఏదీ నిలవదంటాడు ఒకడు. స్విట్జర్లాండు ఉలి పెట్టెలోంచి తీయగానే కోస్తుందంటాడు మరొకడు. జపాను వాళ్లు మెత్తని ఇనుము మీద గట్టి ఉక్కు పొర వేసి చేస్తారు, ఆ పదును ఇంక దేనికీ రాదంటాడు ఇంకొకడు. వాళ్లు చెక్కి చూపించే కొయ్య మాత్రం అందరిదీ ఒకటే. తెల్లగా, మెత్తగా, ఉడకబెట్టిన గెనుసుగడ్డలా ఉంటుంది. మా వేపను పెట్టి చూపించినవాడు ఒక్కడు లేడు. కంపెనీల పేర్లు ఇక్కడ రాయను. వాళ్లలో ఎవరూ నాకు మేనమామ కొడుకులు కారు.

డజను ఉలుల సెట్టు కొనమని ప్రతివాడూ చెబుతాడు. సెట్టు కొన్నవాడు అందులో రెండో మూడో వాడి, మిగతావాటికి నూనె రాసుకుంటూ కూర్చుంటాడు. నేను మూడు దేశాలవీ ఒక్కొక్కటే తెప్పించాను. మూడూ వంపు ఉలులే, ఒకే వెడల్పు, ఒకే లోతు. ఆకు వెన్ను గుండ్రంగా తిప్పడానికి నేను ఎక్కువగా వాడేది అదే. ఆకారాలు వేరైతే ఇంక దేన్ని దేనితో పోల్చాలి? ఎంతయిందని అందరూ అడిగారు. మా ఇంటాయనకే చెప్పలేదు, మీకు చెబుతానా.

ముందు ఇంగ్లండుది వచ్చింది. గుండ్రటి పిడి, నున్నగా పాలిష్ పట్టి ఉంది. తర్వాత స్విట్జర్లాండుది, ఎనిమిది పలకల పిడి. చివరికి జపానుది, పొట్టిగా, పిడి తలకు ఇనుప కట్టు వేసి. మూడింటినీ గుడ్డ మీద వరుసగా పెట్టుకుని మురిసిపోతుంటే పక్క పిండిమిషను ఆయన తొంగి చూశాడు.

"ఏమక్కా, ఇవి ఉలులా, పెండ్లికొడుక్కు పెట్టే పెన్నులా?"

"నీ తలకాయ మీద రాసి చూపిస్తా, రా" అన్నాను.

ఇక్కడే తప్పు చేశాను. మా ఇంట్లో పుట్టినవాళ్లు తప్ప మరొకరు చేయని తప్పు. షెడ్డు మూలలో నాయన కాలం నాటి తుమ్మ మొద్దు ఒకటి ఉండేది. కొత్త ఉలి ఇంటికొస్తే ముందు దాన్ని ఆ మొద్దు మీద నిలబెట్టి, కొడతితో బలంగా ఒక దెబ్బ వేయాలి. అంచు నిలిస్తే ఉలి మనది. నిలవకపోతే మళ్లీ కొలిమికి. ఆ మొద్దు ముఖమంతా అట్లాంటి గాట్లే. అన్నా, పిండిమిషను ఆయనా చూస్తుండగా, ఏమీ ఆలోచించకుండా అలవాటు కొద్దీ జపాను ఉలి తీసుకుని మొద్దు మీద పెట్టి వేశాను దెబ్బ. అంచులోంచి గోరంత పెంకు ఎగిరి పోయింది. సరే ఇదింతే అనుకుని ఇంగ్లండుది పెట్టాను. దాని అంచు మడత పడింది. స్విట్జర్లాండుది పెడితే పన్ను ఊడినట్టు ఒక గాటు. ఇంతాచేసి బొటనవేలు ఝుమ్మని లాగడం మొదలైంది.

అన్న మా పాత ఇనుప ఉలి తెచ్చి, అదే మొద్దు మీద, అదే కొడతితో వేశాడు. దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

"ఏమప్పా, మూడు దేశాలు కలిసినా మన లారీ కమాను పట్టాకు సమానం కాలేదే!" అని పిండిమిషను ఆయన వైపు తిరిగి నవ్వాడు. ఆయన పిండి రాలేలా నవ్వాడు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోవడం దేనికి. పలక సంగతి అయిపోయినట్టే, ఇంక కుర్చీయే గతి అనుకున్నాను. తెల్లారి షెడ్డుకు వచ్చి ఆ మొద్దు ముందే కూర్చున్నాను. కూర్చుంటే కోపం తిరుగుముఖం పట్టి దాని మీదికే పోయింది. అసలు ఈ మొద్దు అడిగేది ఏమిటి? ఎంత దెబ్బకు ఆగుతావు అని. నేను దెబ్బే వేయకూడదు కదా! దెబ్బకు ఆగాలంటే అంచు మందంగా ఉండాలి. మందంగా ఉన్న అంచు చేత్తో తోస్తే దిగదు. అంటే ఈ మొద్దు మీద గెలిచిన ఉలే నాకు పనికిరానిది. ఓడినవాటి సంగతి ఇంకా తెలియనే తెలియదు. నాయన భుజానికి సరిపోయిన పరీక్ష పట్టుకొచ్చి నా బొటనవేలికి పెట్టాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

మొద్దును దొర్లించుకుంటూ పోయి బయట పడేశాను. అన్న పరుగెత్తుకొచ్చాడు.

"నాయన మొద్దు కదే అది!"

"నాయనదే. నాయన చెయ్యి కాదన్నా నాది."

పిండిమిషను ఆయన దాన్ని తన గుమ్మం ముందు మెట్టుగా వేసుకున్నాడు.

తర్వాత చెడిన అంచులు బాగుచేయడానికి సానరాయి ముందు కూర్చున్నాను. ఉలి గుణం తెలియాలంటే దాన్ని సాన పట్టాలి. కంపెనీ వాళ్లు చెప్పనిది రాయి చెబుతుంది. ఇంగ్లండుది నేను రుద్దుతుండగానే దారికి వచ్చింది. స్విట్జర్లాండుది కాస్త బెట్టు చేసి వచ్చింది. జపానుది మాత్రం రాతినే అరగదీస్తోంది గానీ తను అరగనంటుంది. దానితో వేగేసరికి నా సహనం కూడా పదునెక్కింది.

ఈసారి మొద్దు లేదు, కొడతి లేదు. మిగిలిపోయిన వేపముక్క ఒకటి తీసుకున్నాను. కుడి అరచేత్తో పిడిని తోయడం, ఎడమ వేళ్లతో దారి చూపడం. ఒక్కో ఉలితో ఒక్కో శెనక్కాయ ఆకు గుత్తి చెక్కాను, పొరలకు అడ్డంగా కూడా. ఇంగ్లండుది మంచి ఉక్కు, చెప్పిన మాట వింటుంది. కానీ మా వేపకు తొందరగా మొద్దుబారింది. పైగా దాని గుండ్రటి పిడి తిరిగిపోకుండా గట్టిగా బిగించాల్సి వచ్చింది. బిగిస్తే వేలు ఊరుకోదు. మెత్తటి కొయ్య చెక్కేవాళ్లకు అదే సుఖమేమో, వాళ్లను అడగండి.

జపానుది కోసిందంటే కోత. ఉలి పోయిన దారి తళతళలాడింది, ఉప్పుకాగితం రుద్దే పనే లేదు. దాని మీద నాకు మోజు పుట్టింది. కానీ నాదొక పాడు అలవాటు. కోత అయ్యాక పేడును ఉలి కొనతోనే మీటి పైకి లేపుతాను. జపానుది మీటడాన్ని సహించదు, మళ్లీ పెంకు లేచింది. స్విట్జర్లాండుది అంత పదును రాలేదు. కానీ వచ్చిన పదును గుత్తి తర్వాత గుత్తికీ నిలిచింది, మీటినా ఓర్చుకుంది. అన్నిటికన్నా దాని ఎనిమిది పలకల పిడి అరచేతిలో తిరగకుండా కూర్చుంది. బొటనవేలు బిగించే అవసరమే రాలేదు. అది ఊరికే పక్కన ఉండి చూస్తే చాలు. నా వేలికి దొరికిన కుర్చీ అది.

ఎంచుకున్నాను. పలక పని స్విట్జర్లాండు ఉలికి, చివరి సన్నని కోతలు జపాను ఉలికి. ఇంగ్లండుది అన్నకు ఇచ్చేశాను. పిడి ఉన్న ఉలి నాకెందుకు అని గొణిగాడు. రెండో రోజు చూస్తే దానితో తాళం గూడు తొలుస్తున్నాడు. నేను చూశానని తెలిసి తల తిప్పుకున్నాడు.

పలక మొదలుపెట్టాను. మిషను దాని పలకను ఒక్క పూటలో ముగించేసింది. నా గీతలను బెంగళూరుకు పంపి, దానికి కావాల్సిన ఫైలు అన్న ముందే చేయించి తెచ్చాడు. ఆ పలక దుమ్ము దులిపించుకుని, గోడకు ఆని నిలబడింది. నేను దాని ఎదురుగానే కూర్చుని గుత్తి తర్వాత గుత్తి తోసుకుంటూ పోయాను. నొప్పి రాలేదని అబద్ధం చెప్పను. నొప్పి వస్తే ఉలి దించి, కాసేపు ఆగి, మళ్లీ పట్టాను. అన్న ప్రతి సాయంత్రం నా చెయ్యి పట్టుకుని వాపు ఉందేమో నొక్కి చూసేవాడు. పశువుల సంతలో పళ్లు చూసినట్టు ఉండేది.

పని సగం దాటాక, పలక మధ్యలో, చెట్టు మొదలు రావాల్సిన చోట ముడి తగిలింది. కొమ్మ పుట్టిన చోట ఉండే ముడి. పైకి కనిపించలేదు. స్విట్జర్లాండు ఉలి దాని మీద జారిపోయింది. ఎంత తోసినా గీత పడుతోంది గానీ దిగడం లేదు. అన్న వచ్చి చూశాడు. పోయి, కొడతి తెచ్చి నా ముందు పట్టాడు.

"ఒక్క దెబ్బ వెయ్యి. నేను సూడలేదు. ఎవురికీ చెప్పను."

ఆ కొడతి నా చేతికి ఎంత అలవాటో చెప్పలేను. కుడి చెయ్యి దానంతట అదే లేచింది. అన్న కళ్లలో వెటకారం లేదు, జాలి ఉంది. ఆ జాలే నన్ను ఆపింది. వెటకారమైతే వేసేసేదాన్నేమో.

"తీసకపో అన్నా ఈడనుంచి" అన్నాను.

జపాను ఉలి తీశాను. మీటకూడదు, తొందర పడకూడదు. ముడి మీద ఉల్లిపొరలంత పలచగా, ఒక్కో పొర తీసుకుంటూ పోయాను. మీటబోయిన ప్రతిసారీ నా చేతిని నేనే తిట్టుకున్నాను. ఆ పూటా, మరుసటి పూటా అదే పని. చివరికి ఆ ముడే చెట్టు మొదలైంది. నల్లగా, మెలిక తిరిగి, మట్టిని పట్టుకున్నట్టు ఉంది. నేను గీసిన గీతలో అది లేదు.

పలక పూర్తయ్యింది. చెయ్యి వాయలేదు. తనకల్లు వాళ్లు వచ్చిన రోజు అన్న రెండు పలకలనూ పక్కపక్కనే పెట్టాడు. పెద్దామె రెంటి మీదా చెయ్యి వేసి, ఆకు ఆకూ తడుముతూ పోయింది.

"రెండూ బాగుండాయి తల్లీ. ఇంతకూ నువ్వు చెక్కింది యాది?" అంది.

కొడుకును అడిగితే అతనూ అటూ ఇటూ చూసి, మిషనుదాన్నే చూపించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అన్నే ముందుకొచ్చి, తలవాకిలిది ఇది, పెరటిది ఇది అని చెప్పి బండికి ఎక్కించాడు. వాళ్లు సంతోషంగానే వెళ్లారు. పెద్దామె నా బుగ్గలు పుణికి మరీ వెళ్లింది.

బండి మలుపు తిరిగాక అన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గెలిచినవాడిలా లేడు.

"మాట నిలబెట్టుకున్నావు. నేనూ నిలబెట్టుకుంటా, ఇంక మానమని చెప్పను. కానీ ఒగటి అడుగుతా. వాళ్లకు తేడా తెలీలేదు. తెలీనోళ్ల కోసరం ఈ పాట్లన్నీ దేనికి?"

"వాళ్ల కోసరమని నీకెవురు చెప్పినారన్నా?" అన్నాను. గొంతు పెరిగింది, పెరగనిచ్చాను. "వాళ్లకు వాకిలి కావాల, వచ్చినాది. నాకు చెక్కడం కావాల. అంతే. ఈ చెయ్యి ఉన్నన్నాళ్లు చెక్కుతా. ఇది పోయిన దినం కుడిచేత్తో పట్టుకోవడం నేర్చుకుంటా. నన్ను మాత్రం కుర్చీలో కూచోబెట్టాలని సూడొద్దు."

అన్న జేబులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టాడు.

"ఈ తూరి ఏ ఉలి తెప్పించాల?"

"అది నేను చూసుకుంటా" అన్నాను. "నువ్వు పోయి మంచి వేప చూడు."